లేనివాళ్ల వాటా

తీర మండలి, తేలూరు వినికిడి కేంద్రం
లాగ్ రాస్తున్నది: మైలపిల్లి నూకరత్నం

నమోదు 411

పొద్దున్నే చెవులు కడిగాను. కొత్తగా చదివేవాళ్లు కంగారు పడకండి, నా చెవులు కాదు. తేలూరు చుట్టూ నీళ్లలో వేలాడదీసిన మైకులను ఇక్కడ చెవులంటారు. నాలుగు రోజులు పట్టించుకోకపోతే నాచు పట్టేసి, డాల్ఫిన్ల ఈలలు జలుబు చేసినవాడి పాటలా వినిపిస్తాయి. తెప్పల మీద కట్టిన ఊరు కాబట్టి వాటిని కడగడానికి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. గుమ్మంలో కూర్చుని తాడు లాగితే చాలు.

హాజరు పద్నాలుగు. ఒక్కో డాల్ఫిన్‌కు సొంత ఈల ఒకటుంటుంది. పసితనంలో తనే కట్టుకుంటుంది, ఇక జన్మంతా మార్చదు. అది దాని పేరు. చెవి ఆ ఈల వింటుంది, కేంద్రంలోని యంత్రం హాజరు వేస్తుంది. ఈ నీళ్లలోని ఈలలన్నీ పోగుచేసి యంత్రానికి నేర్పింది నేనే. మనుషులు పిలుచుకోవడానికి ముద్దుపేర్లు పెట్టింది కూడా నేనే. రంపం అన్నవాడి రెక్క అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నత్తి అన్నవాడి ఈల మధ్యలో తెగి మళ్లీ మొదలవుతుంది. ఈ ఇద్దరు మగాళ్లూ ఊపిరి తీసుకోవడానికి పైకి వచ్చినా కలిసే వస్తారు. గంటు రెక్కకు ఒక గాటుంది, చంకలో పాలు తాగే పిల్ల ఉంది. అత్తకు ఈ ఏడు పిల్లలు లేరు, అందుకని అందరి పిల్లలనూ ఆమే చూస్తుంది. తల్లులు మేతకు వెళ్లి వచ్చేదాకా పిల్లలు అత్త పక్కనే ఈదుతాయి.

మిగిలినవాళ్లు వస్తుంటారు, పోతుంటారు. పొద్దున అయిదుగురు కలిసి కనబడితే మధ్యాహ్నానికి ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. మా పై అధికారి ప్రభంజన్ గారికి ఇది అస్సలు నచ్చదు. కొండ మీద ఆఫీసులో ఉంటారాయన. "ఇది కుటుంబం కాదు రత్నం, బస్టాండు" అని రేడియోలో నవ్వారు.

మండలి నియమం ప్రకారం ఎప్పుడూ కలిసి ఈదే గుంపే కుటుంబం. దాన్ని ముట్టుకోకూడదు. తక్కినదంతా చెదురు గుంపు, దాన్లోంచి ఎవరినైనా పనికి పట్టుకుపోవచ్చు. ఈ నియమం రాసినవాళ్ల ఇళ్లలో అందరూ రోజంతా ఒకే గదిలో కూర్చుంటారు కాబోలు.

లాగులో సొంత అభిప్రాయాలు రాయవద్దని పోయిన నెల తాఖీదు వచ్చింది. అందింది. చదివాను.

నమోదు 413

పోలమ్మ పిన్నితో వలకు వెళ్లాను. మా అమ్మ చెల్లెలు. తేలూరు వల పడవలన్నీ ఆమె మాట మీద నడుస్తాయి.

"ఏటే రత్నం, సెవులు కడిగినావు గానీ మొకం కడిగినావా?" అని పడవ ఎక్కించుకుంది.

ఇక్కడ వేట ఎలా ఉంటుందో కొండ మీది వాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. తెడ్డుతో పడవ పక్క మీద మూడుసార్లు కొడతాం. డాల్ఫిన్లు వింటాయి. బొంత చేపల మందను పడవల మీదికి తోలుకొస్తాయి. వాటిలో ఒకటి తల ఎత్తి నీళ్ల మీద దబ్బున కొట్టగానే విసురు వలలు వేస్తాం. చెదిరి పారిపోయే చేపలు వాటికి, వలలో పడ్డవి మాకు. ఎవరు ఎవరికి నేర్పారో పిన్నికే తెలియదు. సముద్రం పైకొచ్చి పాత భీమిలి వీధులు మునిగిపోకముందు నుంచీ ఉందంటుంది.

మొదటి వల లాగగానే పిన్ని పడవ మీద నిలబడి లేనివాళ్ల పేర్లు పిలిచింది. రోజూ పిలుస్తుంది. ఆసుపత్రిలో ఉన్న కొండోడు, మండలి చేపల వలయంలో కూలికి పోయిన సూరమ్మ, మండలి జైల్లో ఉన్న తాతారావు. ఒక్కో పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, ఆ మనిషి వాటా చేపను విడిగా బుట్టలో వేస్తుంది. తిరిగొచ్చిన రోజున ఆ వాటా లెక్క కట్టి ఇస్తారు. తిరిగి రానివాళ్ల పేర్లు పిలవడం కూడా పిన్ని మానదు. ఎందుకని అడిగితే తిడుతుంది.

నమోదు 416

నత్తిని పట్టుకుపోయారు.

మండలి పడవ పొద్దెక్కాక వచ్చింది. నాకు ముందుగా చెప్పలేదు. చూస్తుండగానే వల పట్టీ వేసి ఎత్తేశారు. రంపం ఆ పడవ వెనకాలే వెళ్లి, కనుమరుగయ్యాక తిరిగొచ్చి, లైట్‌హౌస్ తల చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. పాత లైట్‌హౌస్ పైభాగం ఒక్కటే ఇప్పుడు నీళ్ల పైన ఉంది, మేము దానికే పడవలు కట్టుకుంటాం.

నత్తి వెళ్లింది మండలి వలయానికి. నడి సముద్రంలో కంచె కట్టి చేపలు పెంచే చోటు. కోతకొచ్చిన చేపలను ఒక మూలకు తోలడానికి డాల్ఫిన్లు కావాలి. బయట మాకోసం ఇష్టపడి చేసే పనినే లోపల కడుపు మాడ్చి చేయిస్తారు.

రేడియోలో అరిచాను. ప్రభంజన్ గారు చాలా తాపీగా ఉన్నారు.

"బాగానే చూసుకుంటాం, రత్నం. కంచె దూకి పారిపోయినవి కూడా ఆకలేసి తిరిగొస్తాయి తెలుసా? అందుకే గేటుకు బయటివైపు ఒక చెవి పెట్టించాం. నీ ఈలలే దానికీ ఎక్కించాం. మనది ఒకటి బయట నిలబడి ఈల వేస్తే చాలు, గేటు దానంతటదే తెరుచుకుంటుంది. అది లోపలికి వచ్చేదాకా మూసుకోదు."

"నేను స్పీకరులో నత్తి ఈల వేస్తే?"

"నీకు ఆ ఆలోచన వస్తుందని తెలుసు" అని నవ్వారు. "రికార్డు చేసిన గొంతుకు తెరవదు. బతికున్న గొంతే కావాలి."

నమోదు 417

హాజరు పద్నాలుగు.

నేను పదమూడు అని దిద్దాను. యంత్రం నా దిద్దుబాటును కొట్టేసి మళ్లీ పద్నాలుగు వేసింది. నత్తి ఈల లైట్‌హౌస్ దగ్గర వినబడిందట.

నమోదు 422

ఈసారి అత్తను తీసుకుపోయారు. హాజరు మళ్లీ పద్నాలుగే.

కొండ మీద ఇది శుభవార్త. ప్రభంజన్ గారు తనే పిలిచి మరీ చెప్పారు. "చూశావా? ఒకడు పోతే ఆ చోటులోకి అలాంటి ఈలే ఉన్న ఇంకొకడు వచ్చి చేరాడు. చెదురు గుంపు లక్షణమే అది. ఎంతమందిని తీసినా దీనికి లోటు తెలియదు. పై వారం గంటును తెస్తాం. అది చేపలను బాగా తోలుతుందట."

"దానికి పాలు తాగే పిల్ల ఉంది సర్."

"హాజరు తగ్గితే ఆపుతాం. తగ్గనప్పుడు ఏ కారణం చూపించి ఆపమంటావు?"

లోటు తెలియదట. ఆయన ఒక్కపూట వచ్చి చూడాల్సింది. అత్త పోయినప్పటి నుంచి గంటు సరిగ్గా మేతకు పోవడం లేదు. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక దాన్ని వెంటేసుకుని వేటకు వస్తోంది. పిల్ల అడ్డం పడుతోంది, చేప తప్పించుకుంటోంది. నిన్న ఆ పిల్ల మా వల అంచుదాకా వచ్చేసింది. పిన్ని వల వదిలేసి పెద్దగా కేకలు పెట్టింది. గంటును కూడా పట్టుకుపోతే ఆ పిల్ల నాలుగు రోజులు బతకదు. యంత్రం దానికీ హాజరు వేస్తుందేమో.

నమోదు 423

ఈ నమోదు ముఖ్యమైనది. అధికారులు నిద్రపోకుండా చదవాలని మనవి.

పొద్దున వలలో మొదటి చేప పడింది. పిన్ని లేచి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. కొండోడు. సూరమ్మ. తాతారావు. ఒక్కో పేరుకూ ఆగింది. ఆ ఆగడం వింటుంటే నాకో అనుమానం వచ్చింది. చేతి చెవి, అంటే వెంట తీసుకెళ్లే చిన్న మైకు, పట్టుకుని చిన్న తెప్ప మీద లైట్‌హౌస్ దగ్గరకు ఒక్కదాన్నే వెళ్లాను.

రంపం తప్ప అక్కడ ఎవరూ లేరు. చుట్టూ తిరిగి చూశాను, ఇంకో రెక్క లేదు. చెవి నీళ్లలోకి దించాను. నత్తి ఈల వినిపించింది. మధ్యలో తెగి మళ్లీ మొదలయ్యే అదే ఈల. గొంతు మాత్రం నత్తిది కాదు, కాస్త లావు గొంతు. రంపం తన స్నేహితుడి పేరు పలుకుతున్నాడు. పలికి, ఆగుతున్నాడు. జవాబు రాకపోతే లైట్‌హౌస్‌ను ఒక చుట్టు చుట్టి వచ్చి మళ్లీ పిలుస్తున్నాడు.

అక్కడి నుంచి గంటు దగ్గరకు వెళ్లాను. ఆమె అత్తను పిలుస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది, ఇంకా తగ్గలేదు. బడిలో పిల్లలు దొంగ హాజరు వేస్తారే, ఇది అది కూడా కాదు. పేరు పిలిచేవాడు వేరు, పలికేవాడు వేరు. మీ యంత్రం పిలుపు విని పలికారనుకుంటోంది. ఎంత బెంగపడి పిలిస్తే అంత నిండుగా హాజరు పడుతోంది. ఎవరితో కలిసి ఈదుతున్నారో చూసి కుటుంబమో కాదో తేల్చారు మీరు. విడిపోయాక ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఒక్కసారి వినాల్సింది.

ఇదంతా ఈలలతో సహా ప్రభంజన్ గారికి పంపాను. ఆయన మొత్తం విన్నారు. విననట్టు నటించలేదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఇది ఒప్పుకుంటే అన్ని కేంద్రాల హాజరూ తప్పే అవుతుంది. అన్ని వలయాలూ ఖాళీ చెయ్యాలి. నా వల్ల అవుతుందా రత్నం?"

"గేటు చెవి కూడా ఇదే యంత్రం కదా సర్, పిలుపుకూ పలుకుకూ తేడా తెలియనిది?"

"అవును. అయితే?"

"ఏం లేదు సర్, తెలుసుకుందామని."

నమోదు 424

పిన్నికి చెప్పాను. లైట్‌హౌస్ పక్కన పడవల వాళ్లందరూ ఉన్నారు.

"అంటే ఆ రంపం గాడు గేటు కాడికెల్లి ఆడి పేరు పిల్సినాడంటే..."

"నత్తి బయట నిలబడి ఈల వేస్తున్నాడనుకుని గేటు తెరుస్తుంది. నత్తి లోపలే ఉన్నాడు కాబట్టి బయటికి వచ్చేస్తాడు."

పిన్ని నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఓలమ్మో! ఇంత సదువు సదివి ఇన్నాల్టికి ఒక పనికొచ్చే మాట సెప్పినావే."

అక్కడిదాకా వాటిని ఎలా తీసుకువెళ్లడమన్నదే చిక్కు. దానికి ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. తెడ్డు కొట్టిన చోటికి వస్తాయి. ఇక్కడ ఒక వల, ఇంకాస్త ముందుకు ఒక వల, అలా వేటాడుకుంటూ వలయం దాకా పోవచ్చు. వలయం హద్దు లోపలికి వెళితే పడవలు జప్తు చేస్తారు, వేట హక్కు పోతుంది. ఆ సంగతి నేను రెండుసార్లు చెప్పాను.

"అది సరేగానీ, డాల్ఫిన్లు నేకపోతే మనం ఏటాడేదేటి? రేపు ఆళ్ల వలయం చేపే కొనుక్కు తినాల. ఏటే, చీకట్లో ఎల్దామంతావా?"

"పట్టపగలు వెళ్దాం. దొంగల్లా ఎందుకు వెళ్లాలి?"

"అదీ మాట!" అంది పిన్ని.

ఈ నమోదు రాసి, మండలికి పంపే మీట నొక్కాను. నన్ను ఆపేవాళ్లు రావచ్చు. లాగులు వారాంతానికి గానీ చదవరని నాకు తెలుసు, అది వేరే విషయం.

నమోదు 425

వెళ్లి వచ్చాం. ముంజేతులు వాచిపోయి ఉన్నాయి, రాత కొక్కిరిబిక్కిరిగా ఉంటే మన్నించండి.

తేలూరు పడవలన్నీ కదిలాయి. తెడ్డు దెబ్బలు, వల, మళ్లీ తెడ్డు దెబ్బలు. రంపం ముందు వచ్చాడు. గంటు పిల్లతో వెనకపడుతూ, మళ్లీ కలుస్తూ వచ్చింది. వలయం హద్దు జెండా దాటేటప్పుడు పిన్ని తన తెడ్డుతో ఆ జెండా మీద కూడా మూడు దెబ్బలు వేసింది.

గేటు మీద వంతెన ఉంది, దాని మీద కాపలా మనిషి లోవరాజు ఉన్నాడు. తుని వైపు మనిషి. మమ్మల్ని చూసి చేతిలో టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది! హద్దు దాటేశారండి! వెనక్కెళ్లిపోండి, లేకపోతే నా ఉద్యోగం ఊడిపోద్దండి బాబూ!"

"నాదీ ఊడిపోతుంది, కంగారు పడకండి" అన్నాను.

అంతా సిద్ధంగా ఉంది, రంపం మాత్రం పిలవలేదు. గేటు ముందు అటూ ఇటూ తిరిగాడు, ఒక్క ఈల లేదు. చేతి చెవిలో వింటున్నాను. తెడ్లు, తాళ్లు, మనుషుల అరుపులు, లోవరాజు రేడియో, ఇవే వినిపించాయి. మండలి పడవ దూరంగా బయలుదేరడం కనబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇంతమంది పడవలు నా మాట మీద పోతున్నాయి.

అప్పుడు తట్టింది. ఇంత గోలలో ఎవరైనా ఎవరినైనా ఎందుకు పిలుస్తారు? లైట్‌హౌస్ దగ్గర అంతా సద్దుమణిగాకే కదా పిలిచేవాడు.

"పిన్నీ, తెడ్లు ఆపించు. ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు."

తేలూరు ఆడవాళ్ల నోళ్లు ఒకేసారి మూతపడటం నేను పుట్టాక చూడలేదు. ఈరోజు చూశాను. తెడ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చంటిపిల్లలను రొమ్ముకు అదుముకున్నారు. మండలి పడవ దగ్గరపడుతోంది, ఎవరూ తల తిప్పలేదు.

రంపం పిలిచాడు. మధ్యలో తెగి, మళ్లీ మొదలై.

గేటు కిర్రుమంది. తలుపు నీళ్లలోకి దిగడం మొదలైంది. లోవరాజు మూసే చక్రం మీద పడి రెండు చేతులా తిప్పాడు. అది తిరగలేదు. బయట ఉన్న నత్తి లోపలికి వచ్చేదాకా మూయకూడదని మండలే నేర్పింది దానికి. రంపం రెండోసారి పిలిచాడు. ఈసారి ఆగినప్పుడు, లోపలి నుంచి జవాబు వచ్చింది.

నత్తి ఎలా వచ్చాడో నేను చూడలేదు, అంత వేగం. గేటు అవతల నీళ్లు తెల్లగా చీలాయి, తర్వాత మా పడవ పక్కనే రెండు రెక్కలు ఒకేసారి పైకి లేచాయి. రెండు ఊపిర్లు ఒకే శబ్దంగా వినిపించాయి. పిన్ని గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. లోవరాజు చక్రం వదిలేసి చల్లారిపోయిన టీ తాగాడు.

గంటు అత్తను పిలిచింది, అత్త వచ్చింది. పిల్ల తల్లిని వదిలి నేరుగా అత్త పక్కకు చేరింది.

ఇంతలో నేను అనుకోనిది ఒకటి జరిగింది. తెరిచిన గేటులోంచి ఇంకో ఆరు డాల్ఫిన్లు మెల్లగా బయటికి వచ్చాయి. ఎక్కడెక్కడి సముద్రాల నుంచో తెచ్చినవి. నా దగ్గర వాటి ఈలలు లేవు, ఇక్కడ వాటిని పిలిచేవాళ్లు లేరు. గేటు దాటి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి. మండలి పడవ వచ్చేసరికి ఆపడానికేమీ మిగల్లేదు, మా పడవల గుర్తులు రాసుకుంది. మా వాళ్లు పడవలు తిప్పి తెడ్లు కొట్టారు. అత్త వాటి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అవి వెంట వచ్చాయి. చెదురు గుంపు కాబట్టి చేర్చుకుంది. మీ లెక్కలో కుటుంబమై ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు.

నమోదు 426

హాజరు పద్నాలుగు, పేరు తెలియనివి ఆరు.

మీ యంత్రానికి ఆ పద్నాలుగులో ఏ తేడా కనబడదు. మొన్నా పద్నాలుగే, ఈరోజూ పద్నాలుగే. తేడా నేను చెప్తాను. ఈరోజు పొద్దుటి నుంచి నత్తి ఈల ఒక్క గొంతులోనే వినిపిస్తోంది. రంపం నత్తి పేరు పలకడం మానేశాడు. పక్కనే ఉన్నవాడిని పిలవాల్సిన పని లేదు.

ప్రభంజన్ గారు పిలిచారు. గేటు చెవులన్నీ విప్పించేశారట. అన్ని కేంద్రాల హాజరు మీద విచారణకు పైనుంచి ఆజ్ఞ వచ్చిందట. "ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు. దానికోసం నువ్వు వలయం తెరవాల్సింది కాదు" అన్నారు. నేను కాగితం మీద చెప్పినప్పుడు ఎందుకు ఒప్పుకోలేదని అడిగాను. ఆయన రేడియో పెట్టేశారు. గంటును తెచ్చే ఉత్తర్వు మాత్రం రద్దయింది, ఆ ప్రతి నా ముందు ఉంది.

నా మీద కూడా ఉత్తర్వు ఉంది. నన్ను కొండ మీదికి తీసుకుపోవడానికి పడవ వస్తోంది. ఎన్నాళ్లో రాయలేదు. తప్పు ఒప్పుకుంటూ సంతకం చేస్తే తగ్గిస్తారట. చెయ్యను. ఈ లాగు కింద చేసిన సంతకమే నా సంతకం, ప్రతి అక్షరం నేనే రాశాను, మళ్లీ అడిగినా ఇదే రాస్తాను. పడవలు జప్తు చేస్తే తేలూరు ఆడవాళ్లతో మీరే మాట్లాడుకోండి. నేను వాళ్లకు సర్దిచెప్పను.

భయం లేదంటే అబద్ధం. ఇందాక ఒకే చెవిని రెండుసార్లు కడిగాను. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలోంచి తాడు తీసుకుని తనే లాగింది. 

"సెవులు నేను కడుగుతాన్లే" అంది. "రేపు మొదటి వల పడగానే తాతారావు తరవాత నీ పేరు. గట్టిగా పిలుత్తాను, ఆ కొండ దాకా ఇనబడాల."

"బొంత చేప వద్దు పిన్నీ, నాకు ముళ్లు పడవు."

"నోర్ముయ్యి. ఏది పడితే అదే నీ వాటా" అంది.

మండలి పడవ లైట్‌హౌస్ దాటింది. దాని ముందు రెండు రెక్కలు ఒకేసారి లేచి మునిగాయి. చెవులు శుభ్రంగా ఉన్నాయి, అన్నీ వినిపిస్తున్నాయి. నేను పడవలోకి దిగుతున్నాను.

మైలపిల్లి నూకరత్నం